నూనె పూర్తిగా మానేశాక ట్రైగ్లిజరైడ్లు పెరిగాయి, ఇదేం చోద్యం?

సర్జాపూర్_సుబ్బు:
అందరికీ నమస్కారం. నాన్న రిటైరయ్యాక అమ్మతో సహా కదిరి నుంచి బెంగళూరులో మా దగ్గరికే వచ్చేశారు. ఉగాదికి ముందు చేయించిన లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష)లో టోటల్ కొలెస్ట్రాల్ 218, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారే, అది) 38, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో తిరిగే కొవ్వు) 190, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్ అనేది) 142 వచ్చాయి. ఆ కాగితం చేతికొచ్చినప్పటి నుంచి ఆయన కంచంలోకి నూనె బంద్. తాలింపు లేదు, నెయ్యి లేదు, ఊరుబిండి పచ్చడి లేదు. చెనిక్కాయ (వేరుశనగ) చేలల్లో పుట్టి పెరిగిన మనిషి ఒక్క పలుకు నోట్లో వేసుకోవడం లేదంటే చూడండి. కూరగాయలు ఉడకేసి ఉప్పూకారం చల్లుకుని తింటారు. వాట్సాప్‌లో వచ్చే జీరో ఆయిల్ వీడియోలే ఇప్పుడాయనకు వేదం.

మొన్న మళ్ళీ పరీక్ష చేయిస్తే టోటల్ 210, హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్స్ 290, ఎల్‌డీఎల్ 118. "చుక్క నూనె తినకపోతే రక్తంలోకి ఇంత కొవ్వు యాడ నుంచి వచ్చిందిరా, శాంపిళ్ళు మార్చేసినారేమో" అంటున్నారు. రెండుసార్లూ ఒకే ల్యాబ్, రెండుసార్లూ పరగడుపునే. డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే వారం ఉంది. ఈలోగా నాకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్తారా?

పీజీ_బతుకు:
అన్నా, నాన్నగారిని మా బీటీఎం పీజీకి పంపించు. ఇక్కడ సాంబారు మీద తేలే పామాయిల్‌ని గరిటెతో పక్కకి తోసి తింటాం. ఆయన మానేసిందంతా వారంలో వసూలైపోతుంది.

ల్యాబ్‌రాణి:
జోకులు తర్వాత. సుబ్బు గారూ, నూనె మానేశాక ఆ స్థానంలోకి ఏం వచ్చింది? అన్నం ఎంత తింటున్నారు? టీ, బిస్కెట్లు, పళ్ళు, జ్యూసులు అన్నీ రాయండి. మందు అలవాటుందా? షుగర్, థైరాయిడ్ చూపించారా?

సర్జాపూర్_సుబ్బు:
మందు, సిగరెట్ ఎప్పుడూ లేవండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష) 6.1. థైరాయిడ్ చేయించలేదు. తిండంటే, పొద్దున ఇడ్లీలే, నూనె ఉండదని. మధ్యాహ్నం ఆ చప్పిడి కూరతో ముద్ద దిగదు కదా, మజ్జిగ పోసుకుని మళ్ళీ అన్నం పెట్టించుకుంటారు. సాయంత్రం టీలోకి రస్కులు. మధ్యలో ఆకలేస్తే అరటిపళ్ళు. రాత్రి మళ్ళీ అన్నమే. ఊళ్ళో రాత్రిపూట సంగటి తినేవారు, ఇక్కడికొచ్చాక అదీ పోయింది. పొట్ట కాస్త ముందుకొచ్చినట్టే ఉంది.

ల్యాబ్‌రాణి:
దొంగ దొరికాడు. శాంపిళ్ళు ఎవరూ మార్చలేదు.

తిన్న కొవ్వు పేగుల నుంచి కైలోమైక్రాన్లనే రేణువుల్లో బయల్దేరి, కొన్ని గంటల్లో కండరాలకీ కొవ్వు కణాలకీ చేరిపోతుంది. రాత్రంతా పస్తుండి పొద్దున్నే ఇచ్చిన రక్తంలో దాని జాడ పెద్దగా ఉండదు. అప్పుడు మాకు కనబడే ట్రైగ్లిజరైడ్లు చాలావరకు లివర్ తయారుచేసి పంపినవి. వాటిని మోసేది వీఎల్‌డీఎల్ అనే ఇంకో రకం రేణువు. అన్నం, రస్కు, అరటిపండు, ఏ రూపంలో పిండిపదార్థం వచ్చినా శరీరం ముందు వాడుకుంటుంది, తర్వాత గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. ఆ దాపుడు లివర్, కండరాలు అన్నీ కలిపినా అర కిలోకి అటూ ఇటూ. అది నిండాక మిగిలిన దాంట్లో కొంత లివర్‌లో కొవ్వుగా మారుతుంది. పొట్ట ఉండి, షుగర్ అంచుమీద ఉన్నవాళ్ళలో ఇన్సులిన్ మాట శరీరం సరిగా వినదు కాబట్టి ఈ తయారీ ఇంకా జోరుగా సాగుతుంది. దానికితోడు పొట్టలోని కొవ్వు నుంచి విడుదలయ్యే ఫ్యాటీ యాసిడ్లు కూడా లివర్‌కే వస్తాయి. నూనె లేదుగా అని అన్నం పెంచితే ట్రైగ్లిజరైడ్ పెరిగి, హెచ్‌డీఎల్ తగ్గడం మాకు రోజూ కనబడే రిపోర్టే. మనవాళ్ళలో మరీ ఎక్కువ.

ఇంకో సంగతి. ఎల్‌డీఎల్ 142 నుంచి 118కి దిగిందని సంబరపడకండి. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవరు, 1972లో ఫ్రీడ్‌వాల్డ్ ఇచ్చిన లెక్కతో కడతారు: టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసెయ్యాలి, ట్రైగ్లిజరైడ్‌లో ఐదో వంతు తీసెయ్యాలి. మీ కాగితంలో 290ని 5తో భాగిస్తే 58. 210లోంచి 34, 58 తీస్తే సరిగ్గా 118. అంటే మీదీ లెక్క కట్టిన ఎల్‌డీఎలే. ట్రైగ్లిజరైడ్ 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. ఇప్పుడు టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసి చూడండి. అప్పుడు 180, ఇప్పుడు 176. రక్తనాళాల గోడల్లో పేరుకునే రకం రేణువుల్లో ఉన్న కొలెస్ట్రాల్ మొత్తం అదీ. ఇన్నాళ్ళ చప్పిడి తిండికి దక్కింది నాలుగు పాయింట్లు.

సర్జాపూర్_సుబ్బు:
అమ్మో. ఆ 180, 176 లెక్క నాన్నకి చూపిస్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే నూనె విషమా, అన్నం విషమా, ఒకటి తేల్చు" అన్నారు.

చాక్‌పీస్_మాస్టారు:
సుబ్బూ, నేను రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్‌ని, మల్లేశ్వరంలో ఉంటాను. మీ నాన్నగారి వయసువాణ్ణే కాబట్టి ఆయనతో నా మాటగా చెప్పు. విషం అనే మాట పక్కన పెట్టి, అసలు కొవ్వు ఒంట్లో ఏం పని చేస్తుందో వినమను.

1929లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ అనే దంపతులు ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టి చూశారు. మిగతావన్నీ సరిపడా ఇచ్చారు. ఎలుకల ఎదుగుదల ఆగిపోయింది, చర్మం పొలుసులు లేచింది, తోకలు పాడయ్యాయి, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. లినోలిక్ ఆమ్లం కాస్త ఇవ్వగానే కోలుకున్నాయి. అప్పటిదాకా కొవ్వంటే కేలరీల మూట మాత్రమేనని, పిండిపదార్థంతో ఆ లోటు పూడ్చుకోవచ్చని శాస్త్రజ్ఞుల్లోనే చాలామంది అనుకునేవారు. లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ అనే రెండు ఆమ్లాలను మన శరీరం సొంతంగా చేసుకోలేదు, తిండిలోంచి రావాల్సిందే. మొదటిది ఒమేగా-6, రెండోది ఒమేగా-3.

ఒంట్లోని ప్రతి కణం చుట్టూ ఉండే పొర కొవ్వులతో కట్టిందే. ఇక్కడ కెమిస్ట్రీ కొంచెం ఓపిగ్గా వినాలి. సంతృప్త ఆమ్లాల గొలుసు తిన్నగా ఉంటుంది, అసంతృప్త ఆమ్లాల్లో డబుల్ బాండ్ దగ్గర వంపు ఉంటుంది. తిన్నటి చెరకు గడలు కట్ట కడితే ఎంత బిగుసుకుంటాయి, వంకర కొమ్మలు కడితే ఎంత వదులుగా ఉంటాయి, అదీ తేడా. అందుకే నెయ్యి గడ్డకడుతుంది, నువ్వుల నూనె కట్టదు. కణపొరలో ఈ రెండు రకాలూ తగు పాళ్ళలో ఉంటేనే అది మరీ బిరుసెక్కకుండా, మరీ జారిపోకుండా నిలుస్తుంది. నరాల మీది మైలిన్ తొడుగు తడి ఆరిస్తే మిగిలేదాంట్లో 70 శాతం పైన కొవ్వులే. ఊపిరితిత్తుల్లో గాలి గదులు అతుక్కుపోకుండా ఆపే పదార్థంలో ముఖ్యమైనది ఫాస్ఫోలిపిడ్ అనే రకం కొవ్వు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు అది చాలకే ఊపిరాడక ఇబ్బంది వస్తుంది. కొలెస్ట్రాల్ లేకపోతే టెస్టోస్టిరాన్ లేదు, ఈస్ట్రోజెన్ లేదు, కార్టిసాల్ లేదు, పైత్యరసం లేదు. చర్మంలో ఎండకు తయారయ్యే విటమిన్ డీ కూడా, కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలో దానికి ముందు మెట్టులో ఉండే పదార్థం నుంచే వస్తుంది. అందుకే ఆ కొలెస్ట్రాల్‌ని తిండి మీద వదిలెయ్యకుండా శరీరం చాలావరకు తనే చేసుకుంటుంది.

పెద్దవాళ్ళకి బర్ దంపతుల ఎలుకల గతి పట్టడం అరుదే. బియ్యంలో, పప్పులో, పాలల్లో కంటికి కనబడని కొవ్వు కొంత ఉంటుంది. కాబట్టి భయపడక్కర్లేదు, కానీ ఈ చప్పిడి కూడు కొనసాగించాల్సిన పనీ లేదు.

విజయనగర్_విజయ:
మాస్టారు గారూ, చాలా బాగా చెప్పారు. నాకొక డౌటు. మా అత్తగారికి కిందటేడు గాల్‌బ్లాడర్ తీసేశారు. అప్పట్నుంచి ఆవిడా ఇంతే, జన్మంతా నూనె ముట్టకూడదని పట్టు. నిజమేనా?

డాక్టర్_వైట్‌ఫీల్డ్:
ఫిజీషియన్‌ని. ఎవర్నీ చూడకుండా మందులు చెప్పను, సంగతి మాత్రం చెప్తాను.

విజయ గారూ, పైత్యరసం తయారయ్యేది లివర్‌లో, రోజుకి అర లీటరు నుంచి లీటరు దాకా. గాల్‌బ్లాడర్ దాన్ని చిక్కబరిచి దాచి, కొవ్వున్న తిండి పేగులోకి రాగానే పిండి వదిలే సంచి మాత్రమే. సంచి తీసేశాక రసం కొద్దికొద్దిగా నేరుగా పేగులోకి జారుతూనే ఉంటుంది. ఒక్కసారే పూరీలు, మటన్ కలిపి లాగిస్తే కొందరికి విరేచనాలవుతాయి. కొద్దికొద్దిగా పూటపూటకీ సర్దుకుని తింటే ఎక్కువమందికి ఏ ఇబ్బందీ ఉండదు. ఇందులో ఒక తిరకాసుంది. గాల్‌బ్లాడర్ ఉన్నవాళ్ళు కొవ్వు మరీ తగ్గించి, గబగబా బరువు తగ్గితే రాళ్ళు వచ్చే అవకాశం పెరుగుతుంది. పిండే పని లేక రసం లోపలే నిలవుండిపోతుంది కదా.

సుబ్బు గారూ, అపాయింట్‌మెంట్‌లో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష అడగండి. థైరాయిడ్ మందగిస్తే కూడా లిపిడ్లు తారుమారవుతాయి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ లెక్క, ఆ 6.1ని ఈ ట్రైగ్లిజరైడ్‌తో కలిపే చూడాలి. ట్రైగ్లిజరైడ్ 500 దాటితే ప్యాంక్రియాస్ వాపు భయం మొదలవుతుంది, ఇంకా పైకి పోయేకొద్దీ ఆ భయం పెరుగుతుంది. అప్పుడు నూనె నిజంగానే బాగా తగ్గించమంటాం. మీ నాన్నగారు అక్కడికి చేరలేదు.

ఆయన విటమిన్ డీ ఏమైనా వాడుతున్నారా? ఈ ఊళ్ళో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళని దాదాపు అందరినీ అడుగుతుంటాను.

సర్జాపూర్_సుబ్బు:
అవును సార్, వారానికొక 60,000 యూనిట్ల సాషే. ఆదివారం పొద్దున్నే పరగడుపున నీళ్ళలో కలుపుకుని తాగుతారు.

డాక్టర్_వైట్‌ఫీల్డ్:
ఎన్ని వారాలు వాడమన్నారో చీటీలో చూడండి, జీవితాంతం వాడేది కాదది. వాడినన్నాళ్ళూ మధ్యాహ్నం భోజనం తర్వాత, ఆ భోజనంలో కాస్త నూనో నెయ్యో ఉండేలా చూసి ఇవ్వండి. ఏ, డీ, ఈ, కే విటమిన్లు నాలుగూ కొవ్వులో కరిగేవే. పేగులో కొవ్వుంటేనే పైత్యరసం వస్తుంది, ఆ రెంటితో కలిసే ఇవి లోపలికి పోతాయి. ఉడకేసిన మునగాకు, క్యారెట్ చప్పగా తింటే అందులోని కెరోటిన్ చాలావరకు వచ్చిన దారినే పోతుంది. మునగాకు వేపుడులో మీ అమ్మగారు వేసే తాలింపు రుచికోసమే అనుకోవద్దు.

నెయ్యిగిన్నె:
హమ్మయ్య, ఎట్టకేలకు నిజం బయటపడింది! మా తాత ముద్దపప్పులో నెయ్యి గుమ్మరించుకుని తిని తొంభై దాటాడు. ఈ కొలెస్ట్రాల్ భయమంతా ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త, తినే కొవ్వుకీ గుండెజబ్బు చావులకీ లంకె పెడుతూ, దేశాలని ఏరుకుని గీసిన గ్రాఫ్ వల్ల వచ్చింది. ఆవు నెయ్యి ఎంత తిన్నా ఏమీ కాదు. సుబ్బు గారూ, అంకుల్‌కి పూటకో గిన్నె నెయ్యి పెట్టండి.

చాక్‌పీస్_మాస్టారు:
నాయనా, తాతగారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాగలి పట్టారా, మారతహళ్ళి సిగ్నల్లో కారులో కూర్చున్నారా? ఆ సంగతి చెప్పకుండా నెయ్యి సంగతి చెప్తే ఎలా?

కీస్ విషయంలో రెండు వేర్వేరు పనులను చాలామంది కలిపేస్తుంటారు. ఆరు దేశాల గ్రాఫ్ 1953 నాటిది. దానికి 22 దేశాల అంకెలు దొరుకుతుండగా ఆరే ఎందుకు తీసుకున్నారని అప్పట్లోనే గట్టి విమర్శ వచ్చింది, అది న్యాయమైన విమర్శే. ఏడు దేశాల అధ్యయనం 1958లో మొదలైన వేరే పని. సరే, కీస్‌ని మొత్తంగా పక్కన పెట్టేద్దాం. ఎల్‌డీఎల్ మీద కేసు ఆయన ఒక్కడి సాక్ష్యం మీద నిలబడలేదు. పుట్టుకతోనే ఎల్‌డీఎల్ బాగా ఎక్కువుండే కుటుంబాల్లో పిల్లలకే గుండెపోట్లు రావడం చూసి, కణాల మీద ఎల్‌డీఎల్‌ని పట్టుకునే రిసెప్టర్ ఉంటుందని బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టారు. 1985లో నోబెల్ ఇచ్చారు. సంతృప్త కొవ్వు ఎక్కువ తింటే లివర్ మీద ఆ రిసెప్టర్లు పనిచేయడం తగ్గి, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉండిపోతుంది. ఆవుకీ గేదెకీ ఇందులో మినహాయింపు లేదు.

ల్యాబ్‌రాణి:
లెక్క నేను చెప్తా. నెయ్యిలో సుమారు 60 శాతం పైన సంతృప్త కొవ్వు. రోజుకి 2000 కేలరీల తిండిలో సంతృప్త కొవ్వు 10 శాతం మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే 22 గ్రాములు. పెద్ద చెంచాడు నెయ్యి 14 గ్రాములు అనుకుంటే అందులో దాదాపు 9 గ్రాములు పోయింది. పాలు, పెరుగు, నూనెల్లో ఉండేది వేరే. అందుకని పప్పన్నంలో ఒక చెంచా నెయ్యి ఎవరూ వద్దనరు. గిన్నె అంటే మాత్రం మీ యూజర్ పేరు వరకే ఉంచుకోండి.

నెయ్యిగిన్నె:
😀 చెంచాకి ఒప్పుకుంటున్నా. తాత సంగతి మాత్రం వదలను, ఆయన వ్యవసాయమే.

కీటో_కింగ్:
ఇంత చర్చ ఎందుకు? కార్బ్స్ మొత్తం ఆపెయ్యండి, ట్రైగ్లిజరైడ్ సగానికి పడిపోతుంది. నేను ప్రూఫ్. మెదడుకి ఫ్యాటే బెస్ట్ ఇంధనం.

డాక్టర్_వైట్‌ఫీల్డ్:
ట్రైగ్లిజరైడ్ పడుతుందన్నది నిజమే. మెదడు మాత్రం ఫ్యాటీ యాసిడ్లని నేరుగా ఇంధనంగా వాడుకోదు. లివర్ వాటిని కీటోన్లుగా మార్చి పంపితే వాడుకుంటుంది. కీటో డైట్‌ని 1921లో మేయో క్లినిక్‌లో మూర్ఛ రోగుల కోసం ప్రతిపాదించారు, ఇప్పటికీ మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు నిపుణుల పర్యవేక్షణలో వాడతారు. మీ ట్రైగ్లిజరైడ్ తగ్గింది సరే, ఎల్‌డీఎల్ ఎంతుంది?

కీటో_కింగ్:
అది 190. కానీ అది మంచి రకం ఎల్‌డీఎల్ అని మా కోచ్ అన్నాడు.

డాక్టర్_వైట్‌ఫీల్డ్:
ఈ వారంలోనే ఎవరైనా డాక్టర్‌ని కలవండి. కోచ్‌ని కాదు.

మోడరేటర్:
దీని కింద వచ్చిన ఎనిమిది పోస్టులు తీసేశాను. కోచ్‌ని, కోచ్ ఇంట్లోవాళ్ళని తిట్టే చోటు కాదిది. చర్చ కొనసాగించండి.

గానుగ_ఎద్దు:
అందరూ అసలు విషయం వదిలేశారు. తప్పంతా రిఫైన్డ్ నూనెది. మేము బసవనగుడిలో కళ్ళముందే ఆడించే గానుగ నుంచి చెనిక్కాయ నూనె తెచ్చుకుంటాం. ఆ వాసనకే కడుపు నిండుతుంది. రిఫైన్డ్ నూనెలో ఆసిడ్లు, కెమికల్స్ పోసి చంపేస్తారు.

చాక్‌పీస్_మాస్టారు:
గానుగ నూనె రుచికి నేనూ దాసుణ్ణే. కార్తీకం ఆఖరి సోమవారం దొడ్డ బసవణ్ణ గుడి దగ్గర కడలేకాయి పరిషెకి (చెనిక్కాయల జాతరకి) ఏటా వెళ్తాను, సంచెడు కాయలు తేకుండా ఇంటికి రాను. అయినా లెక్క లెక్కే. రిఫైనింగ్‌లో విడి ఆమ్లాలు, రంగు, వాసన, కొంత విటమిన్ ఈ, కొన్ని స్టెరాల్స్ పోతాయి. ఫ్యాటీ యాసిడ్ల పాళ్ళు దాదాపు అలాగే ఉంటాయి. గానుగ నూనె గ్రాముకీ 9 కేలరీలే, రిఫైన్డ్‌కీ 9 కేలరీలే. గానుగదని ధీమాగా రెండింతలు పోస్తే ఒళ్ళు ఊరుకోదు.

నాకు ఒళ్ళు మండేది వేరే. పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ మీద పెద్దక్షరాలతో కొలెస్ట్రాల్ లేదని రాస్తారు. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే తిండిలో ఉంటుంది, గింజల నూనెలో లెక్కపెట్టేంత ఎప్పుడుందని? అదేదో వాళ్ళు తీసేసినట్టు!

విజయనగర్_విజయ:
మరి కొబ్బరి నూనె? మా పై ఫ్లోర్ ఆవిడ పొద్దున్నే రెండు చెంచాలు తాగుతోంది, ఎంసీటీ (మధ్యస్థ పొడవు గొలుసుల కొవ్వు) అట, బరువు తగ్గుతుందట.

ల్యాబ్‌రాణి:
కొబ్బరి నూనెలో 90 శాతం దాకా సంతృప్త కొవ్వే, నెయ్యి కంటే ఎక్కువ. అందులో సగానికి కాస్త తక్కువ లారిక్ యాసిడ్. ఎంసీటీ గొప్పలన్నీ 8, 10 కార్బన్ల ఆమ్లాలవి, అవి నేరుగా లివర్‌కి పోతాయి. 12 కార్బన్ల లారిక్ చాలావరకు మామూలు కొవ్వుల దారిలోనే కైలోమైక్రాన్ ఎక్కుతుంది. కొబ్బరి నూనె హెచ్‌డీఎల్‌ని పెంచుతుంది, ఎల్‌డీఎల్‌నీ పెంచుతుంది. అవియల్‌లోకి చెంచాడు వేసుకోండి, హాయిగా తినండి. తాగడం దేనికి? ఈ ఊరి చలికి డిసెంబర్లో సీసాలో గడ్డకట్టుకుపోయేది అదొక్కటే కదా, 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది.

పీజీ_బతుకు:
అక్కా, నాదొక సీరియస్ డౌటు. మా వీధి చివర మిరపకాయ బజ్జీ బండి ఉంది. ఆయన మూకుడులో నూనె ఎప్పుడూ మార్చగా చూడలేదు, తగ్గినంత కొత్తది పోస్తూ ఉంటాడు. రంగు మన డికాక్షన్ కంటే నలుపు. తింటే ఏమవుతుంది?

ల్యాబ్‌రాణి:
నూనె మళ్ళీ మళ్ళీ కాగేకొద్దీ గాలి, నీటి ఆవిరి తగిలి విరిగిపోతుంది. డబుల్ బాండ్లు ఎక్కువున్న పొద్దుతిరుగుడు లాంటివి ఇంకా తొందరగా. అలా పుట్టే పదార్థాలని టోటల్ పోలార్ కాంపౌండ్స్ అని కొలుస్తారు. 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) నియమం 2018 జులై నుంచి ఉంది. బండి దగ్గర ఎవరు కొలుస్తారు? నీ కళ్ళే మీటరు. నురగ కట్టి దిగకపోతే, ఊరికే పొగ వస్తుంటే, చేతికి జిగటగా తగిలితే, పక్క బండికి వెళ్ళు. పాత నూనెలో కొత్తది పోస్తే కొత్తదీ తొందరగా పాడవుతుంది, మంచిదవదు.

డాల్డా సంగతి ఎవరూ ఎత్తలేదు. నూనెకి నికెల్ సమక్షంలో హైడ్రోజన్ ఎక్కించి గడ్డ చేస్తే మధ్యలో ట్రాన్స్ ఫ్యాట్ పుడుతుంది. ఎల్‌డీఎల్‌ని పెంచి, హెచ్‌డీఎల్‌ని కూడా తగ్గించేది అది. మనదేశంలో 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి మించకూడదని పరిమితి పెట్టారు. కాబట్టి పాతంత భయం లేదు. అయినా రస్కులు, పఫ్‌ల మీద పదార్థాల జాబితా ఒకసారి చదవండి. సుబ్బు గారూ, ఇది మీకే. రస్కులో నూనె లేదని ఎవరన్నారు?

సర్జాపూర్_సుబ్బు:
ఇప్పుడే డబ్బా తీసి చూశా. మైదా, చక్కెర, పామాయిల్, ఈ వరసలో ఉన్నాయి. నాన్నకి చదివి వినిపిస్తే "ఇన్నాళ్ళు ఎందుకు చదవలేదురా" అని నామీదే ఎగిరారు.

కడలిపుత్రి:
నాది విశాఖ, ఇప్పుడు కేఆర్ పురం. ఇంతమంది ఇన్ని నూనెల గురించి రాశారు, చేప మాట ఒక్కరూ ఎత్తలేదేంటి! చెనిక్కాయ నూనెలో, పొద్దుతిరుగుడులో ఒమేగా-3 దాదాపు సున్నా. కానాగంతలు, కవ్వళ్ళలో నిండుగా ఉంటుంది, అదీ శరీరం నేరుగా వాడుకునే ఈపీఏ, డీహెచ్ఏ రూపంలో. ఇక్కడ చేపల కొట్లో కానాగంత అంటే మొహం చూస్తారు, బంగుడే అనండి. కవ్వళ్ళయితే బూతాయి. వంజరం కంటే చాలా చవక. శివాజీనగర్ రస్సెల్ మార్కెట్‌కి పొద్దున్నే వెళ్తే కళ్ళు మెరుస్తూ, మొప్పలు ఎర్రగా ఉన్నవి దొరుకుతాయి. వేపుడు మానేసి చింతపండు పులుసు పెట్టండి. మరుసటి రోజు ఇంకా బాగుంటుంది.

సర్జాపూర్_సుబ్బు:
మేం శాకాహారులం అక్కా. అమ్మ ఈ పోస్టు చదివితే ఫోన్ కడిగేస్తుంది.

కడలిపుత్రి:
అయ్యో, అయితే అవిసె గింజలు. ఇంకేముంది.

డాక్టర్_వైట్‌ఫీల్డ్:
అవిసె, ఆవ నూనె, సోయా, అక్రోట్లలో ఉండేది ఆల్ఫా లినోలెనిక్. దాన్ని శరీరం ఈపీఏ, డీహెచ్ఏలుగా మార్చుకుంటుంది కానీ చాలా కొద్ది భాగమే. లేనిదానికంటే నయం. పైగా అవిసెలో పీచు కూడా దండిగా ఉంటుంది.

సర్జాపూర్_సుబ్బు:
డాక్టర్ని కలిసొచ్చాం. థైరాయిడ్ మామూలుగానే ఉంది. మూడు నెలలు తిండి, నడక సరిచేసి మళ్ళీ పరీక్ష, అప్పుడు మందు సంగతి చూద్దాం అన్నారు. లివర్ స్కాన్‌లో కొంచెం కొవ్వుంది, గ్రేడ్ 1. నూనె తినకుండానే లివర్‌కి కొవ్వు పట్టిందని నాన్న ఇప్పుడు కనబడినవాళ్ళందరికీ చెప్తున్నారు, అదేదో ఘనకార్యంలా.

అక్కడి డైటీషియన్ హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళ 2024 మార్గదర్శకాల పట్టిక చూపించారు. 2000 కేలరీల మనిషికి రోజుకి బియ్యం, గోధుమ, రాగి అన్నీ కలిపి పచ్చివి 250 గ్రాములు, నూనె 27 గ్రాములు, పల్లీలు నువ్వుల్లాంటి గింజలు 35 గ్రాములు. నాన్నకి ఇంకా తక్కువ చాలు అన్నారు. మా ఇంట్లో బియ్యం కొలిచి చూస్తే ఆయన ఒక్కరి వాటానే 400 దాటుతోంది.

చాక్‌పీస్_మాస్టారు:
27 గ్రాముల లెక్కన నలుగురి ఇంటికి నెలకి మూడున్నర లీటర్లు. బండి మీద బజ్జీలు, హోటల్ బెణ్ణె (వెన్న) దోసెలు అందులోనే. నెల మొదట్లో అంతే కొని వంటింట్లో పెట్టండి, చెంచాలతో కొలుచుకునే బాధ తప్పుతుంది. ఒక్క నూనే ఏడాదంతా వాడకుండా చెనిక్కాయ, నువ్వులు, తవుడు, ఆవ మార్చుకుంటూ ఉంటే ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో దొరుకుతుంది. మీ నాన్నగారికి ఆవ నూనె వాసన పడుతుందా?

సర్జాపూర్_సుబ్బు:
పడదు మాస్టారూ. తాలింపుకి ఒప్పుకున్నారు, చెనిక్కాయ నూనె అయితేనే అని షరతు. రాత్రికి రాగి సంగటి, ఊరుబిండి మళ్ళీ మొదలైంది. మధ్యాహ్నం అన్నం ఒక్కసారే, పప్పు గట్టిగా. అవిసె గింజలు తెచ్చాను, ఎలా వాడాలి? అలాగే మింగితే సరిపోతుందా?

గానుగ_ఎద్దు:
గింజలు అలాగే మింగితే అలాగే బయటికొస్తాయి. దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు, కాస్త చింతపండు వేసి కారప్పొడి కొట్టించు. ఇడ్లీలోకి అదిరిపోతుంది. నెలకి సరిపడా ఒకేసారి కొట్టొద్దు, ఆ నూనె గాలి తగిలితే తొందరగా ముక్కవాసన వస్తుంది. వారానికి సరిపడా కొట్టి, గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి.

నెయ్యిగిన్నె:
ఆ పొడిలోకి ఒక్క చెంచా నెయ్యి. చెంచానే అన్నాను, రాణి గారూ, గమనించండి.

ల్యాబ్‌రాణి:
గమనించాను. ఏ సైజు చెంచా?